బాగుచేసిన పాత కారు అమ్మి ఇంకోదానికి చోటు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పాత అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు, జీపులు ఏళ్ల తరబడి కష్టపడి నిలబెట్టుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఒకటి రోడ్డెక్కేసరికి ఇంకోదాని మీదికి మనసు పోతుంది. షెడ్డు మాత్రం ఉన్నంతే ఉంటుంది. అప్పుడు వచ్చే ఫోన్లలో సందేహాలు ఎప్పుడూ అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబు ఆ జవాబుకే పూర్తి. ఫీజులు మారుతుంటాయి, కట్టే ముందు రవాణా శాఖ వారి పరివాహన్ సైట్లో ఆనాటి లెక్క చూసుకోండి. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: కారు మెరుపు కంటే, దాచకుండా రాసిపెట్టిన దాని చరిత్రే ఎక్కువ ధర తెస్తుంది.

## అమ్మాలా, వద్దా అనుకునేటప్పుడు

ఉన్నదాన్ని అమ్మకుండానే రెండోది తెచ్చుకుంటే? షెడ్డులో ఎలాగో సర్దుకుంటాం కదా?

టేపు పట్టుకుని కొలిచి చూడండి. అంబాసిడర్ పొడవు 14 అడుగుల పైచిలుకు, వెడల్పు ఐదున్నర అడుగులు. ఫియట్ వరసలోని ప్రీమియర్ పద్మిని 13 అడుగులకు కాస్త తక్కువ. దీనికి తోడు తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, జాకీ పెట్టి మనిషి పక్కన పడుకుని పని చేయాలి. రెండు బళ్ల చుట్టూ నాలుగు పక్కలా నడిచే చోటు లేకపోతే లోపల ఇరుక్కున్నదాన్ని వారానికోసారి స్టార్ట్ చేయడం మానేస్తారు. మన తీరంలో తేమకు నిలబెట్టిన కారు బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, కార్బురేటర్లో పెట్రోలు జిగురవుతుంది. ఒకదాని మీద పెట్టిన కష్టమంతా ఇంకోదాని వెనక పాడైపోతుంది.

ముందు అమ్మాలా, ముందు కొనాలా?

ముందు అమ్మండి. కొత్తదానికి బయానా ఇచ్చి గడువు పెట్టుకున్నాక అమ్మకానికి దిగితే మీ తొందర అవతలివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది, బేరం అక్కడే పడిపోతుంది. హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టర్ లాంటిది దొరికినప్పుడు మాత్రం వేరే సంగతి. అది 1954 నుంచి 1957 వరకే వచ్చింది, మళ్లీ కనబడుతుందన్న నమ్మకం లేదు. అలాంటప్పుడు చిన్న బయానా ఇచ్చి, ఎన్ని నెలల్లో తీసుకెళ్తారో కాగితం మీద రాసుకుని, అప్పటిదాకా బండిని వాళ్ల దగ్గరే ఉంచమనండి.

ఇది మా నాన్నగారి కారు. అమ్ముదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. ఏమని నచ్చజెప్పను?

నచ్చజెప్పకండి. చోటు కోసం అమ్మాల్సి వస్తే మీరు కొని తెచ్చింది అమ్మండి. నాన్నగారు నడిపిన కారు లాంటిది బజారులో ఇంకోటి దొరకచ్చు, ఆ కారు దొరకదు. ఆవిడ మనసు నొప్పించి ఖాళీ చేసిన చోట ఏ బండి తెచ్చి పెట్టినా మీకు సంతోషం ఉండదు. చట్టరీత్యా కూడా ఆ కారులో ఆవిడకు వాటా ఉండొచ్చు, ఆవిడ సంతకం లేకుండా పేరు మార్పే జరగకపోవచ్చు.

మూడు పాత బళ్లున్నాయి. ఏది వదలాలి?

పని పూర్తయి, కాగితాలు శుభ్రంగా ఉన్నదాన్ని. అందరూ చేసేది దీనికి తలకిందులు: సగంలో ఆగిపోయినదాన్ని వదిలించుకుందామని చూస్తారు. విప్పి పెట్టిన బండికి పాత ఇనుప సామాన్ల లెక్కన ధర కడతారు, విడిభాగాలు ఒక్కొక్కటీ ఎంతకు తెచ్చారో ఎవరూ పట్టించుకోరు.

అమ్మే బదులు పెళ్లిళ్లకు అద్దెకిస్తే ఖర్చులు వస్తాయిగా?

సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల ప్లేటు బండిని డబ్బు తీసుకుని అద్దెకు తిప్పకూడదు. ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ మాటనే. వింటేజ్‌గా రిజిస్టరైన బండికైతే వ్యాపార వాడకం నేరుగా నిషేధమే. మేనల్లుడి పెళ్లికి మీరే నడిపి తీసుకెళ్లండి, దానికి అడ్డులేదు.

నాది 1978 పద్మిని. వింటేజ్ అని రాసి అమ్మొచ్చా?

రాయకండి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచిన రెండు, నాలుగు చక్రాల బళ్లే వింటేజ్. మీ కారుకు ఆ వయసు 2028లో వస్తుంది. ర్యాలీల్లో ఆ మాటకు అర్థం ఇంకా ముందుకాలానిది, రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కార్లనే వింటేజ్ అని పిలిచేవాళ్లు ఎక్కువ. సంవత్సరం, మోడల్ సరిగ్గా రాస్తే చాలు. పద్మిని పేరు 1974లో వచ్చింది, అంతకుముందు అదే కారు ప్రీమియర్ ప్రెసిడెంట్, దానికి ముందు 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్. 1970 నాటి బండిని పద్మిని అని రాస్తే తెలిసినవాళ్లు మిగతా వివరాలు చదవరు.

50 ఏళ్లు దాటింది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా?

కొనేవాళ్లను బట్టి. ఈ రిజిస్ట్రేషన్‌కు మొదటిసారి 20,000 రూపాయలు, తర్వాత పునరుద్ధరణకు 5,000, గడువు 10 ఏళ్లు. ఇప్పటికే నంబరున్న బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు, కొత్తగా రిజిస్టరయ్యే వాటికి 'వీఏ' అక్షరాలతో వేరే వరస ఇస్తారు. కానీ ఆ తర్వాత బండిని రోజువారీ తిప్పడానికి లేదు: ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. ఆదివారం పిల్లలను ఎక్కించుకుని గోపాల్‌పూర్ వెళ్దామనుకునే మనిషికి అది ఇబ్బంది. సేకరించి దాచుకునే మనిషికి భరోసా. మీరు ముందే చేయించేయకుండా ఆ నిర్ణయం కొనేవాళ్లకే వదలడం మేలని నా అభిప్రాయం.

## బండిని, ఫైలును సిద్ధం చేసేటప్పుడు

అమ్మే ముందు ఇంకోసారి పెయింటు వేయించనా?

వద్దు. ఆరీ ఆరని పెయింటు చూస్తే కింద ఏం దాచారోనన్న అనుమానమే ముందు వస్తుంది. పాత కార్లు తెలిసిన మనిషి జేబులో చిన్న అయస్కాంతం తెచ్చుకుంటాడు. గీత పడకుండా దాన్ని నూలుగుడ్డలో చుట్టి, ఫెండరు కింది అంచు వెంట, తలుపు అడుగున, హెడ్‌లైటు గుంత చుట్టూ మెల్లగా జరుపుతాడు. రేకు ఉన్నచోట అది అంటుకుని వస్తుంది, లప్పం మందంగా దట్టించినచోట పట్టు వదిలి అరచేతిలో పడుతుంది. ఆ పరీక్ష మీరే ముందు చేసి, ఎక్కడెక్కడ లప్పం ఉందో కాగితం మీద కారు బొమ్మ గీసి గుర్తు పెట్టండి. ఆ బొమ్మ చేతికిచ్చాక బేరం మర్యాదగా నడవడం చాలాసార్లు చూశాను. గీతలు పడినచోట పాలిష్ చేయించండి, అది చాలు.

ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి, తుఫాను నీళ్ల సంగతి చెప్పాలా?

చెప్పాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లా దాకా ముంచేసింది. మనవైపు బండి అనగానే కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. నీళ్లు చక్రాల దాకా వచ్చాయా, సీట్ల దాకా వచ్చాయా, తర్వాత ఏమేం విప్పి చూశారు అన్నది రాసివ్వండి. తుప్పు పట్టే చోట్లు మీరే తెరిచి చూపించండి: బ్యాటరీ కింది పళ్లెం, మ్యాటు కింద నేల రేకు, డిక్కీలో స్టెప్నీ గుంత, జాకీ పెట్టే చోటు, అద్దం చుట్టూ రబ్బరు బీడింగు కింద. ఈ ఆఖరిది చాలామంది మర్చిపోతారు. బీడింగు ఎండిపోయి పగుళ్లిస్తే నీళ్లు లోపలికి దిగి ఏళ్ల తరబడి కనబడకుండా రేకును తింటాయి.

బిల్లులు సగం పోయాయి. ఫైలులో ఏం పెట్టను?

ఉన్నవి పెట్టండి, లేనివి మీ చేతిరాతతో నింపండి. ఏ సంవత్సరంలో ఎవరి దగ్గర కొన్నారు, అప్పుడు ఏ స్థితిలో ఉంది, బోరు ఎప్పుడు చేయించారు, పిస్టన్లు ఏ ఓవర్‌సైజు వేశారు, క్లచ్ ప్లేటు, కింగ్‌పిన్లు, రేడియేటర్ కోర్, వైరింగు, సీటు పని, ఇవన్నీ తేదీల వారీగా. తేదీ గుర్తులేకపోతే నెల, సంవత్సరం చాలు. పని చేసిన మేస్త్రీ ఇంకా ఉంటే ఆయన దగ్గరికి వెళ్లి అడగండి, చాలామందికి బండి చూడగానే అన్నీ గుర్తొస్తాయి. విప్పినప్పటి ఫోటోలు ప్రింటు తీయించి పెట్టండి. ఏవి అసలువి, ఏవి కొత్తగా చేయించినవి, ఏవి వేరే బండి నుంచి తెచ్చినవి అని మూడు రకాలుగా విడదీస్తే ఫైలు విలువ ఇంకా పెరుగుతుంది. నడవనివి కూడా రాయండి. గడియారం ఆగిపోయిందా, పెట్రోలు ముల్లు అబద్ధం చెబుతోందా, రాసేయండి.

ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉన్నదానితో కలవడం లేదు. ఎవరూ గమనించరులే అనుకోవచ్చా?

గమనిస్తారు. అమ్మకం అక్కడే ఆగుతుంది. సుద్దముక్క రుద్ది గుడ్డతో తుడిస్తే గుద్దిన అంకెలు తెల్లగా తేలతాయి, ముందు మీరే చదువుకోండి. ఒక్కోసారి పాత సీ-బుక్కులో (ఆర్‌సీకి ముందటి రిజిస్ట్రేషన్ పుస్తకం) గుమాస్తా 3ని 8గా రాసి ఉంటాడు, అది సవరణతో పోతుంది. నిజంగానే ఇంజన్ మారి ఉంటే, ఒకప్పుడు అంబాసిడర్లకు, జీపులకు మటాడోర్ డీజిల్ ఇంజన్లు వేసిన కాలం ఉంది కదా, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. ఇంజన్ కొన్న బిల్లుతో ఆర్టీఓలో దరఖాస్తు చేసి ఎక్కించుకున్నాకే అమ్మకానికి పెట్టండి. పాత పెట్రోలు ఇంజన్ మూల పడి ఉంటే బండితోపాటే ఇవ్వండి, కొనేవాళ్లకు అది పెద్ద బహుమతి.

రంగు మార్చాను, ఆర్‌సీలో పాత రంగే ఉంది.

అమ్మే ముందే ఆర్‌సీలో మార్పించండి. తనిఖీకి వచ్చిన అధికారి బండిని చూడగానే పట్టుకునేది రంగునే.

ఇప్పటి పెట్రోలు పాత ఇంజన్‌కు పడుతుందా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

రెండు సంగతులు. మొదటిది, బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బురేటర్ ప్యాకింగులు దానికి మెత్తబడి కారతాయి. ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించి ఉంటే ఆ బిల్లు చూపించండి, లేకపోతే వేయించలేదని చెప్పండి. రెండోది, సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా ఆగిపోయింది. అంతకుముందు నాటి ఇంజన్లలో వాల్వు సీట్లు సీసం ఉంటుందన్న లెక్కతో చేసినవి. హెడ్ పని చేయించినప్పుడు గట్టి సీట్లు వేయించి ఉంటే అది తప్పక చెప్పుకోవాల్సిన మాట.

ఫోటోలు ఎలా తీయాలి?

పొద్దున్నే ఎండ ముదరకముందు, తడి లేని బండిని, నాలుగు మూలల నుంచి. ఆ తర్వాత అడుగు భాగం, బానెట్ లోపల, చాసిస్ ప్లేటు, డ్యాష్‌బోర్డు, డిక్కీ, తుప్పున్న చోట్లు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసే వీడియో ఒకటి, ఎక్కడా కోయకుండా. ఆర్‌సీ ఫోటో పెడితే పేరు, చిరునామా, చాసిస్ నంబరు మూసి పెట్టండి.

స్పేరు సామాన్లు దాచుకుని విడిగా అమ్ముకోవచ్చా?

ఆ మోడల్‌కే పనికొచ్చేవి బండితో పంపండి. మళ్లీ అదే మోడల్ తెచ్చుకుంటే తప్ప మీ షెడ్డులో అవి చోటు తినడమే. చిన్న చిన్న బోల్టులు, క్లిప్పులు, హబ్ క్యాపులు రేకు డబ్బాల్లో సర్ది ఏది ఎక్కడిదో చీటీ కట్టి ఇస్తే, ఆ డబ్బా చూసే మిమ్మల్ని నమ్ముతారు.

## ధర చెప్పేటప్పుడు, కొనేవాళ్లు వచ్చినప్పుడు

పెట్టిన ఖర్చంతా తిరిగి రావాలి. ఎంత చెప్పను?

ఖర్చు లెక్క మీది, ధర లెక్క బజారుది. మూడు లక్షలకు కొని నాలుగు లక్షలు పెట్టారనుకోండి, ఏడు చెబితే వచ్చేవాళ్లు ఏడుకు తగిన బండి ఇదేనా అనే చూస్తారు, మీ రాత్రులు ఎవరూ లెక్కగట్టరు. అదే మోడల్, అదే కాలం బళ్లు విశాఖ, భువనేశ్వర్, కోల్‌కతా వైపు ఎంతకు అడుగుతున్నారో కాదు, నిజంగా ఎంతకు చేతులు మారాయో కొన్నవాళ్లను, మేస్త్రీలను అడిగి తెలుసుకోండి. ధరను పైకి లాగేవి: బతికున్న ఆర్‌సీ, కలిసిన నంబర్లు, అసలు ఇంజన్, తక్కువ చేతులు మారడం, పాత నంబరు. కిందికి లాగేవి: డీజిల్ మార్పిడి, కోసి అతికిన రేకు, పోయిన సీ-బుక్కు. రెండు అంకెలు అనుకోండి, చెప్పేది ఒకటి, దిగలేనిది ఒకటి. రెండోది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. మీరు లేనప్పుడు వచ్చిన మనిషికి వాళ్లు మొహమాటపడి మాటిచ్చేయకుండా ఉంటారు.

బరంపురంలో కొనేవాళ్లు కనబడటం లేదు. ఎటు చూడాలి?

రాయగడ, జయపురం వైపు జీపులంటే ఇష్టపడేవాళ్లున్నారు. అంబాసిడర్లు, ఫియట్లు విశాఖ, భువనేశ్వర్ వైపు కదులుతాయి. యుద్ధానికి ముందటి బండి అయితే కోల్‌కతా వాళ్లకు తెలియజేయండి, అక్కడ స్టేట్స్‌మన్ పత్రిక వాళ్ల పాత కార్ల ర్యాలీ ఏళ్లుగా నడుస్తోంది, చూసే కళ్లున్నాయి. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అటునుంచి ఎవరైనా అడిగితే రిజిస్ట్రేషన్ ఎలా చేసుకుంటారో ముందు తేల్చుకుని రమ్మనండి. ఇంకో మాట: ఒడిశాలోనే ఉన్నవాళ్లకు అమ్మితే బండి పాత 'ఓఆర్' నంబరు అలాగే ఉంటుంది. రాష్ట్రం దాటితే సాధారణంగా కొత్త నంబరు వేయించుకోవాలి. ఆ నంబరు మీద మమకారం ఉన్నవాళ్లు ఇక్కడివాళ్ల కోసమే కొంచెం ఆగండి.

బ్రోకరును పెట్టుకోనా?

పెట్టుకుంటే కమీషను ముందే అంకె రూపంలో మాట్లాడుకోండి. "మీకింత, పైన వచ్చింది నాకు" అన్న ఒప్పందం వద్దు. కొనేవాళ్లు ఎంతిచ్చారో మీకు తెలియదు, మీరెంతకు అమ్మారో వాళ్లకు తెలియదు.

ఫోనులోనే ఆఖరి ధర చెప్పమంటున్నారు.

చూడకుండా బేరం లేదని మర్యాదగా చెప్పండి. "బండి చూడండి బాబూ, నచ్చితే కూర్చుని మాట్లాడుకుందాం" అంటే నిజంగా కావాలనుకునేవాళ్లు వస్తారు.

చూడ్డానికి వస్తున్నారు. నడిపి చూస్తామంటే ఇవ్వాలా?

వాళ్లు వచ్చేలోపు ఇంజన్ వేడి చేసి ఉంచకండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని వాళ్లే చూసుకున్నాక చోక్ లాగి స్టార్ట్ చేయండి. మొదట మీరే నడపండి, వాళ్లు పక్కన కూర్చుంటారు. స్టీరింగు పక్కనుండే హ్యాండ్ గేరు ఈ తరం వాళ్లలో చాలామందికి అలవాటు లేదు, నిలబెట్టిన బండిలో ఒకసారి నాలుగు గేర్లూ వేయించి చూపించండి. లైసెన్సు చూశాకే స్టీరింగు ఇవ్వండి, మీరు పక్క సీట్లోనే ఉండండి, బీమా బతికి ఉండాలి. రాయగడ, కోరాపుట్ వైపు వాళ్లు ఘాటు ఎక్కుతుందా అని అడుగుతారు. కుదిరితే తప్తపాణి ఘాటు ఎక్కించి చూపించండి. పైకి చేరాక టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో చూస్తే రేడియేటర్ సంగతి మాటలతో పనిలేకుండా తేలిపోతుంది.

నా కారు తీసుకుని వాళ్ల కారు ఇస్తామంటున్నారు. మార్పిడి చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కానీ కాగితాల మీద అది రెండు అమ్మకాలు. రెండు బళ్లకూ విడిగా ధర రాసుకుని, రెండు పేరు మార్పులూ ఒకేసారి పెట్టండి. ఒకటి అయిపోయి ఇంకోటి "తర్వాత చూద్దాం" అన్నప్పుడే స్నేహాలు చెడతాయి.

## ఆర్టీఓ కాగితాలు

కారు ఇంకా చనిపోయిన నాన్న పేరు మీదే ఉంది.

ముందు వారసుల్లో ఒకరి పేరుకు మారాలి, దానికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రాలు కావాలి. చెల్లెలు విజయనగరంలో, తమ్ముడు హైదరాబాదులో ఉంటే సంతకాలకే టైము పడుతుంది. కొనేవాళ్లను వెతికే ముందే ఈ పని మొదలుపెట్టండి.

మాది పాత చేతిరాత సీ-బుక్కు. ఆన్‌లైన్‌లో నంబరు కొడితే ఏమీ రావడం లేదు.

1989కి ముందు మూడక్షరాల నంబర్లున్న బళ్లకు ఇది మామూలే, రికార్డు రిజిస్టరు పుస్తకంలోనే ఉండిపోయింది. రిజిస్ట్రేషన్ ఉన్న ఆర్టీఓ ఆఫీసుకు అసలు సీ-బుక్కు తీసుకెళ్లి, వాహన్‌లో (బళ్ల ఆన్‌లైన్ రికార్డు) బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలు ఎక్కించడం, చేయమని దరఖాస్తు ఇవ్వండి. పాత పన్ను రసీదులు ఎన్ని ఉంటే అంత మంచిది. ఆన్‌లైన్‌లోకి ఎక్కేదాకా పేరు మార్పుకు గానీ ఎన్‌ఓసీకి (వేరే రాష్ట్రానికి మార్చడానికి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) గానీ దారి లేదు. సీ-బుక్కు పేజీలు మడతల దగ్గర చిరుగుతుంటే లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

ఆర్‌సీ గడువు దాటింది. అలాగే అమ్మేయొచ్చా?

పునరుద్ధరించి అమ్మండి. ఫారం 25, బండి తనిఖీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం కావాలి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజు 10,000 రూపాయలు, ఆలస్యానికి అదనం. ఖర్చు ఎక్కువే అనిపిస్తుంది, కానీ గడువు దాటిన బండికి బేరంలో పోయేది దీనికంటే చాలా ఎక్కువ.

కొనేవాళ్లది విశాఖ. ఎన్‌ఓసీ తప్పదా?

తప్పదు. ఇచ్ఛాపురం వాళ్లయినా అంతే, రాష్ట్రం మారుతోంది. ఫారం 28 మీద చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటుతో, బాకీ చలాన్లు, పన్నులు కట్టేసి, బండి మీద అప్పుంటే బ్యాంకు నుంచి ఫారం 35తో ఆ ఎంట్రీ తీయించి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో ఆఫీసు ఏమీ చెప్పకపోతే ఇచ్చినట్టే అని చట్టం అంటుంది, కానీ అవతలి ఆర్టీఓ కాగితం అడుగుతారు కాబట్టి చేతికి వచ్చేదాకా వెంటపడండి. అక్కడి పన్ను, కొత్త నంబరు కొనేవాళ్ల బాధ్యత అని ఒప్పందంలో రాయండి.

నేనుండేది పర్లాకిమిడి, కారుకు ఉన్నది శ్రీకాకుళం నంబరు. ఇక్కడివాళ్లకు అమ్మొచ్చా?

అమ్మొచ్చు, ఎన్‌ఓసీ శ్రీకాకుళం నుంచి తేవాలి. ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం. సరిహద్దులో బతికే మనకు అటూ ఇటూ తిరగడం మామూలే గానీ, అమ్మేటప్పుడు ఈ లెక్క సరిచేసుకోవాలి. పాత ఏపీ-30 నంబరు ఉంచుకోవాలనుకునే మనిషి కావాలంటే పలాస, టెక్కలి వైపు అడిగి చూడండి.

ఫారం 29, 30 (అమ్మకం తెలిపేది, పేరు మార్పుది) మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే తర్వాత పేరు మార్చుకుంటామంటున్నారు. పర్వాలేదా?

ఖాళీ ఫారాల మీద సంతకం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ల కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట: రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. బండి చేతులు మారి ఏళ్లయినా, ప్రమాదం జరిగితే పరిహారం కట్టాల్సింది ఆ పేరున్నవాళ్లే. ఆ కేసులో బండి ఒకరి తర్వాత ఒకరి చేతికి వెళ్లింది, బాధ్యత మాత్రం మొదటి యజమాని దగ్గరే ఆగింది. కాబట్టి కొనేవాళ్ల పేరు, చిరునామా, తేదీ అన్నీ నిండాకే సంతకం. అదే రాష్ట్రమైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో అమ్మినట్టు ఆర్టీఓకు మీరే తెలియజేయాలి. ఆ దరఖాస్తు నంబరు దాచుకోండి. ఆధార్ నకలు ఇస్తే దాని మీద అడ్డంగా "ఫలానా నంబరు కారు అమ్మకానికి మాత్రమే" అని తేదీతో రాయండి.

## డబ్బు, అప్పగింత

మొత్తం నగదు ఇస్తామంటున్నారు.

ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకంటే ఎక్కువ నగదు తీసుకోకూడదు. తీసుకుంటే జరిమానా తీసుకున్న మీకే, అదీ తీసుకున్నంత మొత్తం. విడతలుగా తీసుకున్నా ఒకే అమ్మకం కిందే లెక్క. బ్యాంకు ద్వారానే తీసుకోండి. సొమ్ము వచ్చిందని మెసేజ్ చూపిస్తే సరిపోదు, మీ ఖాతా తెరిచి చూసుకున్నాకే తాళాలు ఇవ్వండి.

అమ్మిన డబ్బుకు ఇన్‌కంటాక్స్, జీఎస్టీ కట్టాలా?

సొంతానికి వాడుకున్న కారు వ్యక్తిగత వస్తువు కిందికి వస్తుంది కాబట్టి మామూలుగా దాని మీద మూలధన లాభం పన్ను ఉండదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు మనిషి తన కారు అమ్ముకుంటే జీఎస్టీ లేదు. ఏటా కొని, బాగుచేసి, అమ్ముతూ ఉంటే మాత్రం అది వ్యాపారం, ఆడిటరును కలవండి.

బయానా తీసుకునేటప్పుడు ఏం రాసుకోవాలి?

బండి నంబరు, చాసిస్, ఇంజన్ నంబర్లు, మొత్తం ధర, ఇచ్చిన బయానా, మిగతాది ఏ తేదీకి, ఎన్‌ఓసీ ఎవరు తెస్తారు, మనసు మారితే బయానా ఏమవుతుంది. "ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని కొన్నాను, తెలిసిన లోపాల జాబితా అందింది" అన్న వాక్యం కింద సంతకం తీసుకోండి. భాష ఇద్దరికీ అర్థమయ్యేదై ఉండాలి. ఒడియా చదవని విశాఖ మనిషి చేత ఒడియా కాగితం మీద సంతకం పెట్టించకండి.

బండి నడుపుకుంటూ తీసుకెళ్తామంటున్నారు. పంపొచ్చా?

పాత బండిని జాతీయ రహదారి 16 మీద లారీల మధ్య తెలియని చేతుల్లో పంపడం నాకు ఇష్టం ఉండదు. ఫ్లాట్‌బెడ్ లారీ మీద పంపమని గట్టిగా చెప్పండి, ఆ ఖర్చు ధరలోనే మాట్లాడుకోండి. డ్రైవరు దగ్గర అమ్మకపు కాగితం, ఆర్‌సీ నకళ్లు ఉండాలి. తేదీతోపాటు గంట, నిమిషం రాసి డెలివరీ రసీదు తీసుకోండి, ఆ నిమిషం తర్వాత ఏం జరిగినా లెక్క తేలడానికి. మార్గశిర లక్ష్మివారం నాడు మాత్రం అప్పగింత పెట్టుకోకండి. మనిళ్లలోనూ, మాణబసా (మార్గశిర లక్ష్మీ పూజ) చేసే ఒడియా వాళ్ల ఇళ్లలోనూ ఆరోజు వస్తువు గడప దాటించరు, పెద్దవాళ్లు బాధపడతారు.

బీమా, ఫాస్టాగ్ ఏం చేయాలి?

కొన్నవాళ్లు 14 రోజుల్లో బీమాను తమ పేరుకు మార్చుకోవాలి. మీ నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. కంపెనీ నుంచి దానికి లెటరు తీసుకోండి, మూడేళ్లలోపు తెచ్చుకునే బండికి వాడుకోవచ్చు. ఇంకోటి తెచ్చుకునే ఉద్దేశంతో అమ్మేవాళ్లు కూడా దీన్ని వదిలేస్తుంటారు. ఫాస్టాగ్ అదే రోజు మూసేయండి.

## అమ్మేశాక

వారం తిరక్కుండానే ఫోన్ చేసి రెండో గేరు పడటం లేదంటున్నారు. డబ్బు వెనక్కివ్వాలా?

లోపాల జాబితా ఇచ్చి సంతకం తీసుకుని ఉంటే ఇవ్వక్కర్లేదు. కానీ ఫోను ఎత్తండి. హ్యాండ్ గేరు లింకేజీ సర్దుబాటు తెలియక చాలామంది గేర్‌బాక్సు పోయిందనుకుంటారు, వీడియో కాల్‌లో చూపిస్తే అయిపోతుంది. మీ మేస్త్రీ నంబరు ఆయన్ను అడిగే ఇవ్వండి. మీరు నిలబెట్టిన బండి అక్కడ కూడా నడవాలంటే కొన్నాళ్లు ఆ సాయం చేయాలి.

చోటు ఖాళీ అయింది. కొత్తది ఎప్పుడు తెచ్చుకోవచ్చు?

పేరు మారినట్టు పరివాహన్‌లో మీ కళ్లతో చూశాక. అప్పటిదాకా షెడ్డు పని చూడండి: నేల మీద నూనె మరకలు కడిగించి పగుళ్లు పూడ్పించండి, వాన నీళ్లు లోపలికి రాకుండా గుమ్మం ఎత్తు చేయించండి, సముద్రం వైపు గోడకు కిటికీ ఉంటే దానికి తలుపు పెట్టించండి. షెడ్డులో బండి ఉన్నప్పుడు ఈ పనులేవీ కావు.